తరానికొక్కడేనా?

ఓరెస్ట్ హావ్రిష్ ఏ ఊరి రింకుకు, అంటే ఐస్ హాకీ ఆడే మంచు మైదానానికి వెళ్ళినా, ఆట మొదలవకముందే దాని పొడవు అంగలేసి కొలుస్తాడు. ఒక గోల్ వెనక గోడ దగ్గర మొదలుపెట్టి, బెంచీల ముందున్న ఇరుకు దారిలో పెదాలు కదుపుతూ రెండో చివరిదాకా నడుస్తాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి అలా నడుస్తుంటే పిల్లలు నవ్వుతారు. పట్టించుకోడు. ఎనభై అంగలు వస్తే సరైన రింకు, రెండు వందల అడుగులు. అప్పుడతని మొహం కాస్త తేటపడుతుంది. తక్కువ వస్తే చిన్న పుస్తకంలో ఆ అంకె రాసుకుని కింద గీత గీస్తాడు.

తను పుట్టి పెరిగిన మా స్టెన్‌వుడ్‌లో మాత్రం కొలవడు. మా రింకు నూట ఎనభై ఆరు అడుగులని అతనికి తెలుసు. యుద్ధకాలంలో విమానాలు పెట్టుకోవడానికి కట్టిన షెడ్డును తర్వాత ఊరివాళ్ళు రింకుగా మార్చుకున్నారు. షెడ్డు ఎంతుంటే మంచూ అంతే పరుచుకుంది. పద్నాలుగు అడుగులు తక్కువన్న సంగతి ఓరెస్ట్‌కు తెలిసేసరికి అతనికి నలభై ఏడేళ్ళు. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

అతను స్కౌటు. ఎక్కడో దూరాన పెద్ద నగరంలో ఉన్న క్లబ్బు కోసం కుర్రాళ్ళ ఆటలు చూసి, ఎవరు పనికొస్తారో ఎవరు రారో రాసి పంపడం అతని పని. కెనడాలోని మా సస్కాచ్వాన్ రాష్ట్రం తూర్పు సగం అతని వాటా. అక్టోబరు నుంచి మార్చి దాకా వారానికి నాలుగు ఆటలు. ట్రక్కులో పక్క సీటు మీద ఫ్లాస్కు, పొద్దుతిరుగుడు గింజల పొట్లం, మడిచిన దుప్పటి. ఆ సీట్లో మనిషి కూర్చోగా చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఒకప్పుడు పక్క ఊరి బడిలో పాఠాలు చెప్పే ఒకావిడతో నాలుగేళ్ళు స్నేహం నడిచింది. శీతాకాలంలో ఒక్క శనివారమైనా ఇంట్లో ఉంటావా అని ఆవిడ అడిగింది. అతను నిజాయితీగా ఆలోచించి, ఉండనన్నాడు.

స్కౌట్లు ఒకరి పక్కన ఒకరు కూర్చోరు. ఒకరి మొహం చూసి మరొకరు అభిప్రాయం పసిగడతారని భయం. ఓరెస్ట్ ఇంకో నియమం కూడా పెట్టుకున్నాడు. ఆటగాడితో ఎప్పుడూ మాట్లాడడు. మాట్లాడితే కన్ను పాడవుతుందంటాడు. మనిషి నచ్చితే అతనిలో లేనివి కూడా కనిపిస్తాయట. అందుకే పై వరుసలో, వేడిగాలి గొట్టం కూడా చేరని మూల, దుప్పటి కప్పుకుని కూర్చుని చూస్తాడు. ఆట అవగానే అందరికన్నా ముందు లేచి వెళ్ళిపోతాడు.

ఈ ఫిబ్రవరి రెండో వారంలో ఒక గురువారం మధ్యాహ్నం అతనికి ఫోను వచ్చింది. క్లబ్బులో స్కౌట్లందరికీ పెద్ద అయిన రెమీ గోదే.

"ఓరెస్ట్, ఆ ఫ్రీసెన్ కుర్రాడి మీద నువ్వు పంపింది ఏడు పేజీలుంది. మొత్తం చదివాను. నాక్కావాల్సిన ముక్క మాత్రం లేదు."

"ఏ ముక్క?"

"తెలియనట్టు అడక్కు. తరానికొక్కడా, కాదా?"

టోబయస్ ఫ్రీసెన్ మా ఊరి జట్టులో డిఫెండర్. పదిహేడేళ్ళు. ఊరికి అవతల కనోలా నూనెగింజలు పండించే కుటుంబం వాళ్ళది, మెన్నొనైట్ శాఖ క్రైస్తవులు. జూన్‌లో క్లబ్బులన్నీ వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. రెమీ వాళ్ళది మూడో వంతు. టోబయస్ మూడో వంతుదాకా మిగలడు. మొదటి వంతు తెచ్చుకోవాలంటే ఇప్పుడున్న మంచి ఆటగాళ్ళను ఇద్దరిని ఆ వంతున్న క్లబ్బుకు వదులుకోవాలి.

"మంచి డిఫెండరు కోసం ఎవరూ ఇద్దర్ని వదులుకోరు," అన్నాడు రెమీ. "తరానికొక్కడైతే వదులుకుంటాం. ఆదివారం ఆట చూడు. సోమవారం పొద్దున్నకల్లా పంపు. ఒకే మాట. అవునో కాదో."

"నువ్వే వచ్చి చూడరాదూ?"

"మూడుసార్లు చూశా. నువ్వు పద్దెనిమిదిసార్లు చూశావ్. అందుకే నిన్నడుగుతున్నా." అని, "పాతది మర్చిపో," అన్నాడు.

"నువ్వు మర్చిపోయావా?"

రెమీ వాతావరణం గురించి అడిగాడు.

మర్నాడు పొద్దున్న ఓరెస్ట్ ఎప్పటిలాగే పెట్రోలు బంకు పక్కనున్న కాఫీ హోటలుకు వెళ్ళాడు. శీతాకాలంలో పొలం పనులుండవు కనుక ముసలి రైతులంతా అక్కడే పొద్దుపుచ్చుతారు. ఆ రోజు కాఫీ ఎవరు ఇప్పించాలో తేల్చడానికి తోలు గ్లాసులో పాచికలు వేసి బల్ల మీద బోర్లిస్తారు.

"ఇదిగో, వచ్చాడు మన కొలబద్ద," అన్నాడు వాల్టర్ ప్రోకోప్. "ఈ బల్ల కూడా ఓసారి కొలిచిపెట్టవోయ్. పోయిన వారంకన్నా పొట్టిగా కనిపిస్తోంది."

"బల్ల అంతే ఉంది. నీ పొట్ట ముందుకొచ్చింది," అంది కాఫీ పోస్తున్న డార్లా.

ఊళ్ళో వారం రోజులుగా నడుస్తున్న మాట ఒకటే. గస్ లిండ్‌గ్రెన్ దాన్నే అందుకున్నాడు.

"వాడు ఈ ఏడు కొట్టింది తొమ్మిది గోల్స్. తొమ్మిది కొట్టినోడు తరానికొక్కడా? మా మనవరాలు పదకొండు కొట్టింది."

"నీ మనవరాలికి ఎనిమిదేళ్ళురా," అన్నాడు వాల్టర్.

"అయితే ఏంటి? గోలు గోలే కదా."

"డిఫెండరుకి గోల్స్‌తో పనేంటి? వాడు మంచు మీదున్నప్పుడు అవతలోళ్ళు ఎన్ని కొట్టారో చూడాలి."

"కొట్టనివి ఎలా చూస్తావ్? కనపడనిదాన్ని చూసే కళ్ళజోడుందా నీ దగ్గర? అసలు తరమంటే ఎన్నేళ్ళో ముందది చెప్పు. టీవీలో వాళ్ళు ఏడాదికి ముగ్గుర్ని తేలుస్తున్నారు తరానికొక్కళ్ళని."

"తరానికొక్కసారైనా నాకు టిప్పుగా చిల్లర వదిలే మగాడు ఈ బల్ల దగ్గర పుడతాడేమోనని నేనూ ఎదురుచూస్తున్నా," అంది డార్లా.

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే గస్ నోరు జారాడు. "ఏదైనా వీడు మన ఊరికి రెండోవాడవుతాడు కదా. మొదట మన లైల్..."

నవ్వు ఆగింది. ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు. వాల్టర్ పాచికల గ్లాసు అందుకుని అవసరానికి మించి చాలాసేపు ఊపాడు. ఓరెస్ట్ కాఫీ సగంలో వదిలి కోటు తొడుక్కున్నాడు.

లైల్ డెమ్‌చుక్ కథ మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరికీ తెలుసు కనుక. ఇరవై నాలుగేళ్ళ క్రితం లైల్ పదిహేడేళ్ళ డిఫెండర్. పక్ అనే రబ్బరు బిళ్ళను తోసుకుంటూ దాడికి వచ్చేవాడు ఊపందుకునేలోపే ఎదురెళ్ళి నిలబడేవాడు. ఓరెస్ట్ అతన్ని ఇరవై మూడుసార్లు చూశాడు, ఇరవై మూడూ మా రింకులోనే. చూసి, తన జీవితంలో మొదటిసారి ఆ మాట రాశాడు: తరానికొక్కడు. క్లబ్బు లైల్‌ను రెండో వంతులో తీసుకుంది. పెద్ద రింకుల్లో అవతలి ఆటగాళ్ళు అతన్ని దాటి దూసుకుపోయారు. మూడేళ్ళలో ఇంటికి తిరిగొచ్చాడు. అప్పుడు ఓరెస్ట్ టేపు తెచ్చి మా రింకును కొలిచాడు. పుట్టినప్పటి నుంచి దాటుతున్న గడప ఎత్తు ఎవరైనా కొలుస్తారా? తనకు రింకు అంటే అదే పొడవు. పొట్టి రింకులో దాడి చేసేవాడికి పరుగు అందదు కనుక డిఫెండరు ఉన్నదానికంటే చురుగ్గా కనిపిస్తాడు. అంత చిన్న విషయం చూసుకోకుండా ఒక కుర్రాడి బతుకు తప్పుగా చదివానని ఓరెస్ట్ నమ్మాడు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ రాయలేదు. రింకులు కొలవడం మొదలుపెట్టాడు.

లైల్ ఇప్పుడు అదే రింకులో మంచు చదును చేసే బండి నడుపుతాడు. ఇద్దరూ దుకాణంలో, పోస్టాఫీసులో ఎదురుపడతారు. తలలూపుకుంటారు. ఇరవై ఏళ్ళుగా అంతే.

శనివారం పొద్దున్న ఓరెస్ట్ రింకు వెనక బండి ఉండే గదికి వెళ్ళాడు. తలుపు దగ్గర చాలాసేపు నిలబడి ఉంటాడు, ఎందుకంటే లోపలికి అడుగుపెట్టేసరికి కనుబొమలు తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. లైల్ బండి కింద వంగి పాత బ్లేడు విప్పుతున్నాడు.

"తలుపు మూయండి. వేడి పోతుంది."

ఓరెస్ట్ మూశాడు. "ఫ్రీసెన్ గురించి అడుగుదామని వచ్చాను."

"అనుకున్నా. నా కోసమైతే ఇన్నేళ్ళలో ఎప్పుడో వచ్చేవారు." అతని గొంతులో కోపం లేదు. నట్టు కాస్త గట్టిగా ఉందన్నట్టు చెప్పాడంతే.

"నువ్వు రోజూ చూస్తావు వాణ్ని. నాకన్నా ఎక్కువ."

"చూస్తా. ప్రాక్టీసయ్యి అందరూ పోయాక కూడా వాడు దిగడు. ఎదురుగా ఎవరో వస్తున్నట్టు ఖాళీ మంచుని చూస్తూ వెనక్కి వెనక్కి పోతుంటాడు. నేను బండి తీస్తేగానీ కదలడు."

"నీకు జరిగినట్టు వాడికి జరగకూడదు, లైల్. ఆ పద్నాలుగు అడుగులు..."

"ఏ పద్నాలుగు అడుగులు?"

ఓరెస్ట్ చెప్పాడు. షెడ్డు, పొడవు, ఇరవై మూడు ఆటలు, తన తప్పు. ఇరవై ఏళ్ళుగా మనసులో అప్పజెప్పుకుంటున్న పాఠం కనుక తడబడకుండా చెప్పాడు. లైల్ రెంచి కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"అందుకా మీరు కొలిచేది? ఊరంతా మీకు పిచ్చనుకుంటున్నారు."

"అనుకోనీ."

"ఓరెస్ట్, ఆ సంగతి అక్కడికెళ్ళిన మూడోరోజే నాకు చెప్పారు. రెండడుగులు వెనకుండమన్నారు. నెల పట్టింది. నేర్చుకున్నా. పద్నాలుగు అడుగులకి మనిషి పాడైపోడు."

"మరేంటి?"

లైల్ గుడ్డ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "పందొమ్మిదేళ్ళు నాకు. హోటల్ గదిలో ఒక్కణ్ణే. ఏ ఊరికెళ్ళినా పేపర్లో అదే మాట. జట్టులో వాళ్ళు భోజనానికి పిలిచేవాళ్ళు కాదు. చెడ్డోళ్ళని కాదు. అంతవాడికి మనతో పనేముందిలే అనుకునేవాళ్ళు. పక్ నా స్టిక్ నుంచి జారిపోతే, కుర్రాడు పొరపాటు చేశాడన్నట్టు చూసేవాళ్ళు కాదు. దొంగ దొరికాడన్నట్టు చూసేవాళ్ళు. కొన్నాళ్ళకి నాకూ అలాగే అనిపించింది. అప్పుడు కాళ్ళు ఆలస్యమయ్యాయి."

"నేను రాయకుండా ఉండాల్సింది."

"రాయడం మీ పని. రాశారు." లైల్ కాసేపు బండి వైపు చూశాడు. "మీరు ఇరవై మూడుసార్లు వచ్చారా? నేను లెక్కపెట్టలేదుగానీ వచ్చినప్పుడల్లా పైకి చూసేవాణ్ణి. మా ఊరాయన, నా కోసం వచ్చాడని. ఒక్కసారి కిందికి దిగి, ఏరా లైల్, ఎలా ఉన్నావురా అనలేదు. నా గురించి అంత పెద్ద మాట రాసిన మనిషి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అక్కణ్ణుంచి ఫోను చేద్దామనిపించేది. ఏమని చెయ్యను? మీ గొంతు కూడా నాకు సరిగ్గా తెలీదు."

"మాట్లాడితే కన్ను..." అని ఓరెస్ట్ మొదలుపెట్టి ఆగిపోయాడు.

లైల్ మళ్ళీ వంగి కొత్త బ్లేడు ఎక్కించసాగాడు. "ఫ్రీసెన్ సంగతంటారా? వాడు నిజంగానే అంతవాడు. నాకన్నా చాలా పైన. మీకూ తెలుసు. మీరు రాయకపోయినా టీవీవాళ్ళు ఆ మాట వాడికి అంటించేశారు. వెళ్ళేటప్పుడు తలుపు గట్టిగా లాగండి. సరిగ్గా పడదు."

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆట. బయట మైనస్ ముప్ఫై ఒక్క డిగ్రీలు. ఓరెస్ట్ తన మూలలో కూర్చున్నాడు. దాదాపు గంటసేపు అతను పుస్తకంలో ఏమీ రాయలేదు. టోబయస్ మంచు మీదున్నంతసేపూ రాయడానికి ఏమీ జరగదు. అవతలి జట్టువాళ్ళు అతని వైపు రావడం మానేస్తారు. వచ్చినా, ఎవరో అడ్డుకున్నట్టు కాక, తమకే ఆ దారి ఇష్టం లేనట్టు పక్కకు మళ్ళుతారు. చూసేవాళ్ళకు ఆట మందకొడిగా ఉన్నట్టనిపిస్తుంది. అతను బెంచీకి వెళ్ళగానే గలభా మొదలవుతుంది.

రెండో పీరియడ్ చివర్లో అవతలి జట్టు ఏడో నెంబరు కుర్రాడు పక్ పట్టుకుని దూసుకొచ్చాడు. పక్కన ఇంకొకడు. ఎదురుగా టోబయస్ ఒక్కడే. మామూలు డిఫెండరు ఎవరో ఒకరిని ఎంచుకుని ఇంకొకరిని గోలు కాసే గోలీకి వదిలేస్తాడు. టోబయస్ ఎవరినీ ఎంచుకోలేదు. స్టిక్ కొంచెం లోపలికి తీసుకుని, పక్కవాడికి పక్ అందించే దారి తెరిచి ఉంచి, నెమ్మదిగా వెనక్కి జారాడు. ఏడో నెంబరు తలెత్తి చూశాడు. దారి ఉంది. అందించబోయి, ఎందుకో అనుమానం వచ్చి ఇంకోసారి తలెత్తాడు. దారి లేదు, టోబయస్ స్టిక్ అక్కడుంది. అప్పటికి ఊపు పోయింది. దూరం నుంచే ఏదో కొట్టాడు. గోలీ తేలిగ్గా పట్టుకున్నాడు. జనం గోలీకి చప్పట్లు కొట్టారు.

ఓరెస్ట్ పెన్సిలు పట్టుకున్నాడు. రాయలేదు. రెండుసార్లు తలెత్తించాడు, పదిహేడేళ్ళవాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో అలాంటిది చూడలేదు. అది చూసినవాడు ఆటకొచ్చిన ఎనిమిది వందల మందిలో తనొక్కడే అయి ఉంటాడు. ఆ సంగతి అతనికి సంతోషం కలిగించలేదు. పక్కన చెప్పుకోవడానికి ఎవరైనా ఉంటే బాగుండుననిపించింది.

ఆట అయ్యాక వెళ్ళిపోలేదు. మెట్లు దిగి, స్కేట్లకు పదును పెట్టే గది పక్కన, ఆటగాళ్ళు బయటికొచ్చే నడవాలో నిలబడ్డాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అందరికన్నా చివర టోబయస్ వచ్చాడు. తడి జుట్టు, భుజాన తనంత సంచి.

"ఫ్రీసెన్," అన్నాడు ఓరెస్ట్. తర్వాత ఏమనాలో ఆలోచించుకోలేదు. "ఇంట్లో అంతా కులాసానా?"

"కులాసానే అండి."

"కుక్కనేమైనా పెంచుతున్నారా?"

"లేదండి." కుర్రాడు అయోమయంగా చూశాడు. "ఉండేది. పోయింది." ఓరెస్ట్ కోటు మీది క్లబ్బు గుర్తు చూడగానే నిటారుగా నిలబడ్డాడు. "ఇంటర్వ్యూనా అండి?"

"కాదు, కాదు. ఊరికే."

ఇద్దరూ నేల మీది రబ్బరు చాప వైపు చూస్తూ నిలబడ్డారు. చివరికి ఓరెస్ట్ తనకు చేతనైన విషయమే ఎత్తాడు.

"ఆ ఏడో నెంబరువాడు రెండుసార్లు తలెత్తాడు. మొదటిసారి దారి నువ్వే తెరిచి ఉంచావు."

టోబయస్ సంచి కింద పెట్టాడు. "మీరు చూశారా అది?"

"చూశాను."

"మా నాన్న కూడా గోలీ బాగా పట్టాడనే అంటాడిప్పుడు." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు, "టీవీలో నన్నేదో అంటున్నారు కదండి. మీరూ అదే రాస్తారా?"

చెప్పకూడదు. జూన్‌దాకా ఎవరికీ చెప్పకూడదన్నది ఓరెస్ట్ ఒక్కడి నియమం కాదు, క్లబ్బుది.

"రాస్తాను," అన్నాడు.

కుర్రాడి మొహం వెలగలేదు. మోయాల్సిన బరువెంతో ఎవరో సరిగ్గా చెప్పినట్టు తల మెల్లగా ఊపాడు. "అందరూ టీవీకే చెప్తున్నారు. నాతో ఎవరూ అనలేదు."

ఓరెస్ట్ పుస్తకంలోంచి కాగితం చింపి తన ఫోను నెంబరు రాసిచ్చాడు. "అక్కడికెళ్ళాక ఎప్పుడైనా చెయ్యి. హాకీ గురించి కానక్కర్లేదు."

"మరి దేని గురించండి?"

ఓరెస్ట్ ఆలోచించాడు. "ఏమో. తిన్నావా లేదా, అలాంటివి."

బయట ట్రక్కు హారన్ మోగింది. కుర్రాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. థాంక్స్ చెప్పి, సంచి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. అది పారేస్తాడో దాచుకుంటాడో అతని నడక చూసి ఓరెస్ట్ చెప్పలేకపోయాడు. నడకలు చదవడమే అతని వృత్తి అయినా.

ఆ సాయంత్రమే ఓరెస్ట్ రిపోర్టు పంపాడు. ఒకే మాట: అవును. కింద ఇంకో వాక్యం చేర్చాడు: ఈ కుర్రాడు ఎక్కడున్నా ఒంటరిగా భోజనం చేయకుండా ఎవరైనా చూసుకోవాలి.

అరగంటలో రెమీ ఫోను చేశాడు. "మొదటి మాట అర్థమైంది. రెండోది ఏ గడిలో పెట్టమంటావ్? అలాంటి గడి లేదు మన ఫారంలో."

"గీసి పెట్టు."

"నమ్మకమేనా, ఓరెస్ట్? మళ్ళీ అలా..."

"నమ్మకమే. లైల్ విషయంలో కూడా నేను చూసింది తప్పు కాదు, రెమీ. చూడనిదే తప్పు."

"సరే. జూన్‌దాకా ఎవరితోనూ అనకు."

"ఎవరితో అంటాను?" అన్నాడు ఓరెస్ట్. కుర్రాడితో అన్న సంగతి దాచాడు. ఇన్నేళ్ళలో క్లబ్బు దగ్గర అతను దాచింది అదొక్కటే.

ఫోను పెట్టేశాక బంగాళాదుంప కూరిన పిండి ముద్దలు, పెరోగీలు, ఆరు ఉడకబెట్టుకుని, ఉల్లిపాయ వేయించి పైన వేసుకున్నాడు. రేడియోలో చుట్టుపక్కల ఊళ్ళ ఆటల ఫలితాలు చదువుతున్నారు. మధ్యలో వ్యాఖ్యాత స్టెన్‌వుడ్ కుర్రాడి ప్రస్తావన తెచ్చి, తరానికొక్కడండీ బాబూ అని తేలిగ్గా అనేసి, వాతావరణ సూచనలోకి వెళ్ళిపోయాడు. రాత్రికి ఇంకో నాలుగు డిగ్రీలు పడిపోతుందట. ఓరెస్ట్ పళ్ళెం కడిగి బోర్లించాడు. గోడకున్న ఫోను దగ్గర కాసేపు నిలబడ్డాడు. జూన్‌లో ఎంపిక అయ్యాక కూడా ఆ కుర్రాడు ఇంకా ఊళ్ళోనే, తల్లి చేతి వంటే తింటూ ఉంటాడు. ఫోను చేయాల్సినంత అవసరం రావాలంటే, అక్కడ ఆటలు మొదలయ్యే అక్టోబరు దాటాలి. రేడియో కట్టేశాడు.